ఎండకు మేల్కొను జన్యువులు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుదురు. కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలము పరిసరములందు నివసించువారికి ఆ సామెత అతిశయోక్తిగా తోచదు. మా ములకలపల్లి చుట్టును గల యడవులలో తునికాకు కోయు కాలము సరిగా నడివేసవి. తెల్లవారకముందే స్త్రీలును పురుషులును అడవికి బోయి, ఆకు కోసి తెచ్చి, ఏబదేసి యాకులను కట్టగా కట్టి కల్లమునకు చేర్చుదురు. ఎండ నెత్తికెక్కకముందే యిల్లు చేరవలెనని వారి తొందర. తాపము 45 డిగ్రీలను తాకు దినములు ఇచ్చట అరుదు కావు. వడదెబ్బకు ప్రాణములు పోవుటయు మన మెరుగనిది కాదు.

ఎండ తగిలిన మనుష్యుడు చెట్టునీడకు బోవును, మజ్జిగ త్రాగును, తలపై తడిగుడ్డ వేసికొనును. కాని యా మనుష్యుని శరీరములో లెక్కకు మించి యున్న కణములకు చెట్టునీడ లేదు. వేడి తమను సమీపించినప్పుడు అవి యేమి చేయును? అసలు వేడి వచ్చినదని వానికెట్లు తెలియును? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము దొరకుటకు 1962వ సంవత్సరము మొదలుకొని దాదాపు నలువదియేండ్లు పట్టినది. ఆ నలువదియేండ్ల చరిత్రమే నేటి నా ప్రసంగవిషయము. అందు మన హైదరాబాదు నగరమునకును చక్కని భాగము కలదు.

చరిత్రలోనికి బోవుటకు ముందు రెండు మాటలను స్పష్టము చేసికొందము. మొదటిది జన్యువు. పూర్వము పండితుల యిండ్లలో తాళపత్ర గ్రంథముల కట్టలు అటకపై నుండెడివి. ఎన్ని గ్రంథములున్నను ఒకనాటికి ఒకటియో రెండో మాత్రమే విప్పి చదివెడివారు. తక్కినవి త్రాటితో బిగించి యుంచబడెడివి. కణములోని డి. ఎన్. ఏ. అట్టి గ్రంథభాండాగారము. మనుష్యుని భాండాగారమున సుమారు 20,000 గ్రంథములు కలవు. ఒక్కొక్కటి యొక్కొక్క మాంసకృత్తును తయారుచేయు విధానమును తెలుపును. వానినే జన్యువులందురు. కంటిలోని కణమునకును కాలేయములోని కణమునకును భాండాగార మొక్కటియే. విప్పబడిన గ్రంథములు మాత్రము వేరు. ఏ గ్రంథమును ఎప్పుడు విప్పవలెనో, ఎప్పుడు మరల కట్టవలెనో నిర్ణయించుటయే జన్యునియంత్రణము.

రెండవమాట మాంసకృత్తు. ఇది పూలదండవంటిది. దండలో పూవులకు బదులు అమినో ఆమ్లములుండును. అయితే దండ దండగా నున్నంతవరకు దానివలన పని జరుగదు. అది తనకు విధింపబడిన రీతిని మడతలు పడి, ఒక నియతమైన యాకారమును పొందినప్పుడే పనికి వచ్చును. వేడి ఆ మడతలను విప్పివేయును. మడత విప్పిన దండలు ఒకదానితో నొకటి చిక్కుపడి ముద్దకట్టును. కోడిగ్రుడ్డును ఉడికించినప్పుడు నీటివలె నున్న తెల్లసొన గట్టిపడి తెల్లనగుట మన మెరుగుదుము. అదియే మడత చెడిన మాంసకృత్తుల రూపము. ఉడికిన గ్రుడ్డును మరల పచ్చిగ్రుడ్డుగా చేయుట మన వంటయింటిలో సాధ్యము కాదు. వేడి తగిలిన కణమునకు కలుగు భయమును ఇట్టిదే.

ఇక చరిత్రము. మ్రగ్గిన మామిడిపండ్ల చుట్టును, కల్లుకుండల చుట్టును మూగెడి యొక చిన్న యీగ కలదు. శాస్త్రజ్ఞులు దానిని డ్రోసోఫిలా యందురు. దాని పిల్లపురుగు యొక్క లాలాజల గ్రంథులలో క్రోమోజోములు మిక్కిలి పెద్దవై, సామాన్యమైన సూక్ష్మదర్శినితో చూచినను అడ్డగీతలతో సహా కానవచ్చును. ఇట్టి పెద్ద క్రోమోజోములను మరియొక జాతి దోమవంటి పురుగులో బాల్బియాని యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1881లోనే వర్ణించెను. ఏదేని జన్యువు పనిచేయుటకు విప్పుకొన్నప్పుడు ఆ చోట క్రోమోజోము ఉబ్బి కనబడును. అనగా గ్రంథము విప్పబడుటను కంటితో చూడవచ్చునన్నమాట.

ఇటలీ దేశమున నేపుల్స్ నగరమందలి పరిశోధనాలయములో ఫెరుచ్చో రిటోసా యను యువకుడు ఈ యుబ్బులను పరిశీలించుచుండెను. ఒకనాడు సహచరుడొకడు ఈగపిల్లల నుంచిన పేటిక యొక్క వేడిమిని మార్చెను. రిటోసా సూక్ష్మదర్శినిలో చూడగా, క్రోమోజోములపై తా నెన్నడును చూడని చోటుల క్రొత్త యుబ్బులు లేచి యుండెను. పూర్వమున్న యుబ్బులలో కొన్ని యణగిపోయెను. 25 డిగ్రీలలో హాయిగా నుండు నీగపిల్లకు 30 డిగ్రీల వేడిమి తగిలిన కొలది నిమిషములకే యీ మార్పు కలుగుచుండెను. వేడిమి వచ్చినదని తెలిసి కణము కొన్ని గ్రంథములను మూసి, మరికొన్నింటిని తొందరగా విప్పుచున్నదన్నమాట.

రిటోసా మరియొక విషయమును గూడ గమనించెను. వేడిమి లేకున్నను, కణముయొక్క శ్వాసక్రియను చెరచు కొన్ని రసాయనములను ప్రయోగించినప్పుడు ఆ యుబ్బులే కలిగినవి. కావున ఆ జన్యువులు వేడిమికి మాత్రమే కాక కణమునకు కలుగు మరికొన్ని కష్టములకును మేల్కొనుచున్నవి. ఈ చిన్నమాటలో పిమ్మటి చరిత్రమంతయు బీజరూపమున నున్నది.

ఆయన యీ సంగతిని వ్రాసి పంపగా, పేరుగల యొక పత్రిక దీనికి జీవశాస్త్రమున ప్రాముఖ్యము లేదని త్రిప్పి పంపెను. ఎక్స్‌పీరియెన్షియా యను మరియొక పత్రిక 1962లో ప్రకటించెను. ఆ పిమ్మట పండ్రెండేండ్ల వరకు ఈగలను పరిశోధించు కొలదిమంది తప్ప దానిని పట్టించుకొన్నవారు లేరు.

ఆ కొలదిమందిలో మనదేశీయులున్నారు. సుభాష్ లఖోటియా, ఎ. ఎస్. ముఖర్జీ యనువారు 1970లో కలకత్తానుండి యొక వింతను ప్రకటించిరి. వేడికి లేచు ఉబ్బులలో 93 డి యను చోటనున్న దొక్కటి మాత్రము బెంజమైడు అను రసాయనమునకు విడిగా లేచుచున్నదని వారు చూపిరి. తరువాత లఖోటియా కాశీ హిందూ విశ్వవిద్యాలయమున దశాబ్దులతరబడి ఆ యొక్క జన్యువునే శోధించిరి. ఆ గ్రంథమునుండి మాంసకృత్తు ఏదియు తయారుకాదని తేలినది. దాని ప్రతిలేఖనమే, అనగా ఆర్. ఎన్. ఏ. యే, కణకేంద్రములో నిలిచి, ఇతర జన్యువుల ప్రతులను సరిచేయు మాంసకృత్తులను కష్టకాలమున తనచుట్టును చేర్చి యుంచును. మాంసకృత్తును తయారుచేయని జన్యువు వ్యర్థమని తలచిన కాలమున ఇట్టి పరిశ్రమకు ఓర్పు మిక్కిలి కావలెను.

1974లో ఆల్‌ఫ్రెడ్ టిసియేర్, హెర్షెల్ మిచెల్, అర్సులా ట్రేసీ యనువారు అమెరికాలోని కాలిఫోర్నియానుండి రెండవ మెట్టు కట్టిరి. ఉబ్బులు లేచినప్పుడు ఆ కణములలో కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తులు విస్తారముగా తయారగుచున్నవనియు, అదే సమయమున సామాన్యమైన మాంసకృత్తుల తయారీ తగ్గుచున్నదనియు వారు చూపిరి. వీనికి ఉష్ణాఘాత మాంసకృత్తులని పేరు వచ్చెను. బరువునుబట్టి వానిని 90, 70, 60 అను అంకెలతో పిలుచుచుందురు. తరువాత వెదకినకొలది ఇవి యీగలో మాత్రమే కాక ఈస్టులోను, వరిమొక్కలోను, మనుష్యునిలోను, కంటికి కనబడని సూక్ష్మజీవులలోను కనబడినవి.

ఇవి చేయు పనియేమి? కావ్యములలో నాయిక యొంటరిగా నుండదు. చెలికత్తెలు వెంట నుందురు. వారు ఆమెను అనుచితమైన సాంగత్యమునుండి కాపాడుదురు. ఆమె పెండ్లిలో వధువు స్థానము వారిది కాదు. ఈ మాంసకృత్తుల పనియు నట్టిదే. మడత విప్పిన మాంసకృత్తును ఇవి పట్టుకొని, తోటి విప్పుడు దండలతో చిక్కుపడకుండ ఆపి, అది తన నిజరూపమును మరల పొందుటకు సాయపడును. పని ముగిసిన పిమ్మట విడిచిపెట్టును. ఇంగ్లండులో రాన్ లాస్కీ 1978లో వేరొక మాంసకృత్తు విషయమున ఇట్టి యర్థమిచ్చు పేరును వాడెను. జాన్ ఎల్లిస్ 1987లో ఆ పేరును ఈ వర్గమునంతకును విస్తరింపజేసెను. మనమును వీనిని చెలికత్తె మాంసకృత్తులనియే పిలుచుకొందము.

హైదరాబాదు ఈ చరిత్రలో ప్రవేశించుట ఇచ్చటనే. పుష్పమిత్ర భార్గవగారి నాయకత్వమున 1977లో ఏర్పడిన సి. సి. ఎం. బి. అను కణజీవశాస్త్ర కేంద్రమునందు చింతలగిరి మోహనరావుగారును, వారి సహచరులును కంటికటకములోని మాంసకృత్తులను పరిశోధించుచుండిరి. మన కంటికటకము విచిత్రమైన వస్తువు. దాని నడిమి భాగములోని మాంసకృత్తులు పుట్టుకతో వచ్చినవే, జీవితాంతము మారవు. డెబ్బదియేండ్లు ఎండను, వేడిని భరించి స్వచ్ఛముగా నుండవలెను. అవి ముద్దకట్టినచో కంటిలో పొర కమ్మును. దానినే శుక్లమందుము.

ఆ కటకములో సమృద్ధిగా నుండు ఆల్ఫా క్రిస్టలిన్ అను మాంసకృత్తు చెలికత్తెవలె పనిచేయునని జోసెఫ్ హార్విట్జ్ అమెరికాలో 1992లో చూపెను. 1994, 1995 సంవత్సరములలో బి. రామన్, మోహనరావు ప్రభృతులు హైదరాబాదునుండి దానికొక ముఖ్యమైన విషయమును చేర్చిరి. ఆ చెలికత్తె యొక్క రక్షణశక్తి యెల్లవేళల నొక్కటిగా నుండదు. వేడిమి 30 డిగ్రీలను దాటినకొలది దాని నిర్మాణము కొంత సడలి, లోపల దాగిన జిడ్డుభాగములు బయటపడును. అప్పుడది చెడిన మాంసకృత్తులను మరింత బలముగా పట్టుకొనును. ఏ వేడి యితరుల మడతలను చెరచుచున్నదో ఆ వేడియే దీనిని పనికి సిద్ధము చేయుచున్నది. ఈ క్రిస్టలిన్ కుటుంబములో నొకటి కంటిలోనే కాక గుండెలోను కండరములలోను గలదనియు, వేడికి పెరుగుననియు 1991లోనే తెలిసియుండెను.

చెలికత్తెల పని తెలిసినది. కాని మన మొదటి ప్రశ్న యట్లే యున్నది. వేడి వచ్చినదని జన్యువునకు ఎవరు చెప్పిరి?

దీనికి సమాధానము మూడు మెట్లుగా వచ్చెను. కేంబ్రిడ్జిలో హ్యూ పెల్హమ్ 1982లో 70 అంకెగల మాంసకృత్తు యొక్క జన్యువునకు ముందున్న చిన్న యక్షరపంక్తిని గుర్తించెను. గ్రంథమునకు ముందు వ్రాసిన సూచిక వంటిదది. ఆయనయు, మేరియన్ బీన్జ్ అను శాస్త్రజ్ఞురాలును ఆ పంక్తిని కృత్రిమముగా తయారుచేసి, వేడితో నేమియు సంబంధములేని యొక వైరసు జన్యువునకు ముందు నతికించిరి. ఆ జన్యువును వేడికి మేల్కొనెను! కావున రహస్యము గ్రంథములో లేదు, సూచికలో నున్నది. ఆ సూచికను చదివి దానిపై కూర్చుండు మాంసకృత్తు నొకదానిని తరువాతివారు కనుగొనిరి. దానికి ఉష్ణాఘాత కారకమని పేరు. మామూలు కాలమున అది యొంటరిగా, నిద్రాణమై యుండును. కష్టకాలమున ముమ్మూడుగా కూడి, సూచికపై కూర్చుండి, గ్రంథమును విప్పించును.

అంతే కాదు. అమెరికాలో జాన్ లిస్ బృందమువారు 1980ల చివర మరియొక వింతను చూచిరి. ఈగలో ఆ గ్రంథమును చదువవలసిన పాఠకుడు, అనగా ప్రతివ్రాయు ఎంజైము, వేడి రాకముందే వచ్చి, కొలది యక్షరములు చదివి, అచ్చటనే యాగి కూర్చుండి యున్నాడు! గురువు ఆజ్ఞకొరకు అక్షరముపై వ్రేలుంచి వేచియుండు విద్యార్థివలె నుండునది. ఆజ్ఞ రాగానే నిమిషములో పఠనము సాగును. ఇట్లు వేచియుండు పద్ధతి ఉష్ణాఘాత జన్యువులలోనే కాక ఈగలోను మనుష్యునిలోను మరియెన్నో జన్యువులలో గలదని తరువాత తెలిసినది. ఎండను గూర్చి వెదకిన వెదకులాట జన్యుశాస్త్రమునకంతకును ఒక మూలసూత్రమును సంపాదించి పెట్టినది.

రెండవ మెట్టు 1986లో. అనంతన్, గోల్డ్‌బర్గ్, వోల్మీ యనువారు ఒక నిపుణమైన ప్రయోగము చేసిరి. కప్ప యొక్క అండకణములోనికి సూదితో మాంసకృత్తులను ఎక్కించిరి. వేడి తగులనీయలేదు. మంచి మడతగల మాంసకృత్తును ఎక్కించినప్పుడు ఏమియు జరుగలేదు. అదే మాంసకృత్తును మడత చెరచి యెక్కించినప్పుడు వేడికి మేల్కొనవలసిన జన్యువు మేల్కొనెను. దీనివలన తేలినదేమనగా, జన్యువును మేల్కొల్పునది వేడి కాదు. వేడిచే చెడిన మాంసకృత్తు. రిటోసా కాలమున రసాయనములు కూడ ఆ యుబ్బులనే యెందుకు లేపెనో ఇప్పుడు సుబోధమగుచున్నది. కష్టమేదైనను చెడుగు ఒక్కటియే.

మూడవ మెట్టు చెడిన మాంసకృత్తుకును ఆ కారకమునకును నడుమ నున్నవారెవరని విచారించుట. సమాధానము శాస్త్రజ్ఞులను గూడ నవ్వించినది. నడుమనున్నవి ఆ చెలికత్తెలే! 1998లో వోల్మీ బృందము 90 అంకె చెలికత్తెయు, మోరిమోటో బృందము 70 అంకె చెలికత్తెయు ఆ కారకమును అణచి యుంచునని చూపిరి. మామూలు కాలమున చెలికత్తెలలో కొందరికి పని తక్కువ. వారు కారకమును పట్టుకొని కూర్చుండియుందురు. వేడి వచ్చి మాంసకృత్తులు చెడినప్పుడు వారందరు ఆ పనికి పరుగెత్తుదురు. కారకమును పట్టుకొనువారుండరు. విడుదల పొందిన కారకము గ్రంథమును విప్పించి క్రొత్త చెలికత్తెలను తయారుచేయించును. చెడుగంతయు సరియై, చెలికత్తెలకు మరల తీరిక దొరకినప్పుడు, వారు వచ్చి కారకమును మరల పట్టుకొందురు. గ్రంథము మూయబడును.

శ్రోతలారా! ఇందలి సౌందర్యమును ఒక్క క్షణము తలచి చూడుడు. ఊరిలో నిప్పంటుకొన్నదని చెప్పుటకు దూత యెవడును రాలేదు. ఇంటివాకిట కూర్చుండవలసిన కావలివాడు కనబడకపోవుటయే వార్త. సాయము చేయువారి సంఖ్య చాలినదా లేదా యనుటను ఆ సాయము చేయువారి తీరికయే కొలుచుచున్నది. అందుచేత కణము కావలసినదానికంటె ఎక్కువ తయారుచేయదు, తక్కువయు చేయదు. కష్టమును నివారించు మాంసకృత్తులే తమ జన్యువులను తామే శాసించుచున్నవి. నేటి ప్రసంగమునకు సారమీ యొక్క వాక్యమే.

ఈ నీతిని ప్రకృతి యొక్కచోటనే వాడలేదు. సూక్ష్మజీవులలో ఈ కారకము లేదు. వాని పద్ధతి వేరు. అయినను తర్కమొక్కటియే. బాసిల్లస్ సబ్టిలిస్ అను సూక్ష్మజీవిలో హెచ్. ఆర్. సి. ఏ. అను కావలి మాంసకృత్తు చెలికత్తెల జన్యువును మూసి యుంచును. ఆ కావలివానికి స్వయముగా నిలుచు బలము లేదు. గ్రో ఇ. ఎల్. అను చెలికత్తె సాయము చేసినప్పుడే యతడు నిలబడగలడు. వేడి వచ్చి ఆ చెలికత్తె వేరుపనిలో మునిగినప్పుడు కావలివాడు కూలబడును, జన్యువు విప్పుకొనును. జర్మనీ శాస్త్రజ్ఞులు 1997లో దీనిని నిరూపించిరి. క్షయరోగమును కలిగించు సూక్ష్మజీవిలోను ఈ కావలివాడున్నాడు.

క్షయ యనగానే మనకీ విషయము దూరపుముచ్చట కాదు. రాబర్ట్ కోక్ ఆ క్రిమిని 1882లో చూపెను. నేటికిని లోకములోని క్షయరోగులలో దాదాపు నాలుగవవంతు మనదేశముననే యున్నారు. ఆ క్రిమి మన శరీరమును కాపాడవలసిన భక్షకకణములలోనే దూరి నివసించును. ఆ కణములు దానిపై విషములను గ్రుమ్మరించును. ఆహారము లేకుండ మాడ్చును. అట్టి యిల్లు క్రిమికి నిత్యరోహిణి. అందుచే అది చెలికత్తెలను విరివిగా తయారుచేయును. క్షయ, కుష్ఠము కలిగించు క్రిములలో మన శరీరము గుర్తుపట్టి యెదిరించు మాంసకృత్తులలో ముఖ్యమైనవి ఈ చెలికత్తెలేనని 1988లో తెలిసినది.

క్షయక్రిమి యొక్క గ్రంథభాండాగారమును 1998లో పూర్తిగా చదివిరి. సామాన్యమైన సూక్ష్మజీవులు పెక్కింటికి ఒక్క గ్రో ఇ. ఎల్. ఉండగా దీనికి రెండుండెను. రెండవది యెందులకు? హైదరాబాదులోని డి. ఎన్. ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమున శేఖర్ మాండేగారి బృందము ఈ ప్రశ్నను చేపట్టినది. తక్కిన సూక్ష్మజీవులలో ఈ మాంసకృత్తు పదునాలుగు భాగములు కూడిన రెండంతస్తుల గూడువలె నుండి, చెడిన మాంసకృత్తును ఆ గూటిలో నుంచి బాగుచేయును. క్షయక్రిమి మాంసకృత్తులను శుద్ధిచేసి చూడగా అవి గూడు కట్టక చిన్నజట్టులుగానే యున్నవని వారు 2004లో ప్రకటించిరి. ఆ రెంటిలో నొకదాని యాకారమును అదే సంవత్సరమున స్ఫటికరూపమున నిర్ణయించిరి.

అటుపిమ్మట 2009లో అదే కేంద్రమునుండి వెలువడిన ఫలితము మన ప్రసంగమునకు శిఖరము వంటిది. క్షయక్రిమికి, ఇతర సూక్ష్మజీవులలో డి. ఎన్. ఏ. ను చుట్టి కట్టియుంచు మాంసకృత్తులు పెక్కులు లేవు. అయినచో ఆ భాండాగారమును సర్దియుంచువారెవరు? మాండేగారును, సంజీవ్ ఖోస్లాగారును, వారి శిష్యులును, ఢిల్లీలోని సహచరులును వెదకి చూడగా, ఆ మొదటి గ్రో ఇ. ఎల్. యే స్వయముగా డి. ఎన్. ఏ. పై కూర్చుండి కనబడినది! అది యక్షరములను ఎంచక ఎక్కడనైనను గట్టిగా పట్టుకొనును, పొడవైన డి. ఎన్. ఏ. ను దగ్గరగా ముడిచి కట్టును. దానిని ఛేదించు ఎంజైములనుండియు, తీక్ష్ణమైన రసాయనములనుండియు కాపాడును. ఈగలోను మనుష్యునిలోను చెలికత్తె దూరమునుండి, కారకమును పట్టుకొని, జన్యువును శాసించుట చూచితిమి. ఇచ్చట చెలికత్తె వంశములో పుట్టిన యొక మాంసకృత్తు పాతపని విడిచి, తాళపత్రములపైననే చేయివేసి, గ్రంథపాలకత్వము వహించినది. కట్ట యెంత బిగుతుగా నుండునో గ్రంథము చదువుట అంత కష్టము గనుక, దీని పాత్ర జన్యువుల విప్పుడు మూతలకును సంబంధించి యుండవచ్చును.

ఈ విద్య వలన మన ప్రాంతమువారికి ప్రయోజనమేమి యని మీ రడుగవచ్చును. రెండు మాటలు చెప్పెదను.

మొదటిది. స్వల్పమైన వేడి తగిలి కోలుకొన్న కణములు తరువాత తీవ్రమైన వేడిని బాగుగా నోర్చునని గెర్నర్, ష్నైడర్ అనువారు 1975లో కనుగొనిరి. మొదటి వేడికి తయారైన చెలికత్తెలు రెండవ వేడినాటికి సిద్ధముగా నుండుట దీనికొక ముఖ్యకారణమని తరువాత తెలిసినది. శరీరము మొత్తముమీద ఎండకు అలవాటుపడుటలో చెమటయు రక్తప్రసారమును ముఖ్యమైనవే. అయినను కణములలోని యీ ఏర్పాటును అందు భాగము వహించును. కావున క్రొత్తగా ఎండపనికి బోవువాడు మొదటిదినముననే అనుభవజ్ఞునితో పోటీపడరాదు. కొలదిగా మొదలిడి, వారము పదిదినములలో పెంచుకొనవలెను. ఇది మన పెద్దలు అనుభవముచే నెరిగినదే. దానికి కారణము మాత్రమిప్పుడు తెలిసినది.

అయితే ఈ రక్షణమునకు హద్దు కలదు. చెలికత్తెలను తయారుచేయుటకు నీరు, శక్తి, కొంత వ్యవధి కావలెను. చెడిన మాంసకృత్తుల రాశి వారి సంఖ్యను మించినప్పుడు కణము మరణించును. వడదెబ్బ తగిలి మాట తడబడుచున్నవానిని, స్పృహ తప్పుచున్నవానిని చూచి, కొంతసేపు పరుండిన తేరుకొనునని యుపేక్షించుట ప్రాణాపాయము. వెంటనే నీడకు చేర్చి, ఒడలు తడిపి, గాలి విసరి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అప్పటి నిమిషములు కణములలోని చెలికత్తెలు ఓడిపోవుచున్న నిమిషములని తెలిసికొనుడు.

రెండవది. చెలికత్తెలకు పాత్రాపాత్ర వివేచనము లేదు. ఎవరి కణములో నున్న వారినే కాపాడును. క్షయక్రిమిలో క్రిమినే కాపాడును. పుట్టకురుపుగా పెరుగు కేన్సరు కణమును గూడ అవి కాపాడుచున్నవని, ఉష్ణాఘాత కారకములేని యెలుకలలో కేన్సరు పుట్టుట తగ్గినదని లిండ్‌క్విస్ట్ బృందమువారు 2007లో చూపిరి. అందుచేత ఈ చెలికత్తెల యొక్కయు, వానిని శాసించు కావలివారి యొక్కయు మర్మము తెలిసికొనుట వైద్యశాస్త్రమునకు అవసరమైనది. క్షయకు మందు ఆరునెలలు మానక వాడుమని వైద్యులు చెప్పుట ఊరక కాదు. ఎన్నో రక్షణములు గల యా క్రిమి ఒకటి రెండు మాసములలో లొంగినట్లు కనబడినను లోపల దాగి యుండగలదు. మధ్యలో మందు మానినవారు దానికి ప్రాణదానము చేయుచున్నారు.

ముగించుటకు ముందొక మాట. ఇదంతయు మన ప్రాచీనశాస్త్రములందు ఎన్నడో చెప్పబడియున్నదని కొందరు మిత్రులనుట కలదు. ఆ శాస్త్రములను గురుముఖమున చదివినవాడను గనుక చెప్పుచున్నాను: చెప్పబడలేదు. ఆయుర్వేదము గ్రీష్మఋతుచర్యను జెప్పినది, తీయనివి, చల్లనివి, ద్రవములు గ్రహింపుమన్నది, ఎండను పరిహరింపుమన్నది. అది గొప్ప యుపదేశము, నేటికిని ఆచరణీయము. కాని జన్యువును గాని దాని కావలివానిని గాని యది యెరుగదు. ఎరుగని దానిని ఎరిగెనని చెప్పుట శాస్త్రమునకు గౌరవము కాదు. ఒక పత్రిక ప్రాముఖ్యము లేదని త్రిప్పి పంపిన కొలది పుటల సంగతిని పట్టుకొని నేపుల్సులోను, కాశిలోను, కేంబ్రిడ్జిలోను, హైదరాబాదులోను రెండు తరములవారు కండ్లు కాయలుకాచునట్లు పాటుపడిరి. ఆ శ్రమకు తగిన గౌరవము నిచ్చుటయే విద్యావంతుల ధర్మము.

వచ్చు వేసవిలో తునికాకు కట్టలు మోసికొని అడవినుండి వచ్చువారిని చూచినప్పుడు, వారి ప్రతి కణములోను కొన్ని గ్రంథములు విప్పబడి యున్నవని తలచుకొనుడు. ఆ గ్రంథములు చదువబడి, పని ముగిసి, మరల కట్టబడుటకు కావలసినది ఇంత నీడ, ఇన్ని నీళ్ళు, కొంత విశ్రాంతి. కల్లములయొద్ద ఆ మూడింటిని సమకూర్చుట మనచేతిలోని పని.